గోడలు మూసేముందు వేడినీళ్ల పైపు సంగతి చూడండి: బిల్డర్లకు ఒక సోలార్ హీటర్ మెకానిక్ బహిరంగ లేఖ

అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టించే బిల్డర్లకు, ప్లాన్లు గీసే ఇంజినీర్లకు, ప్లంబింగ్ కాంట్రాక్టు తీసుకునే మేస్త్రీలకు,

నమస్కారం. నేను సోలార్ వాటర్ హీటర్లు బిగించి, రిపేర్లు చేసి బతికేవాణ్ణి. మీ పని పూర్తయ్యాక మా పని మొదలవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ప్లాస్టరింగ్ అయిపోయి, టైల్స్ అతికించి, రంగులు వేసి, గృహప్రవేశం భోజనాలు కూడా ముగిశాక ఇంటాయన ఫోన్ చేస్తాడు. "హీటర్ కొన్నాం, వచ్చి బిగించి పోండి" అంటాడు. మిద్దె ఎక్కి చూస్తే ఓవర్‌హెడ్ ట్యాంకు నేలకు ఆనుకుని ఉంటుంది. వేడినీళ్ల లైను ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలీదు. బాత్‌రూమ్‌లో వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ కొళాయి మాత్రం ధగధగలాడుతూ ఉంటుంది. దానికి వచ్చే పైపు గోడలో ఏ రకమో, ఏ సైజో చెప్పగలిగిన మేస్త్రీ అప్పటికే ఇంకో ఊళ్లో ఇంకో సైటులో ఉంటాడు.

హీటర్ కొనేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీ ప్యానెల్ మంచిదని. నాకైతే అది మూడో ప్రశ్న. మొదటిది, హీటర్‌లోకి వచ్చేవి ఏ నీళ్లు? రెండోది, అక్కడినుంచి బాత్‌రూమ్ దాకా ఏ పైపు? ఈ రెంటికీ జవాబు ఇంటాయన చేతిలో ఉండదు, నా చేతిలో అంతకన్నా ఉండదు. స్లాబ్ పడి గోడలు లేస్తున్నప్పుడే మీరు తేల్చేస్తారు, చాలాసార్లు తేలుస్తున్నామని తెలియకుండానే. అందుకే ఈ ఉత్తరం కొనేవాళ్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చినప్పటినుంచి సోలార్ అంటే కరెంటు ప్యానెళ్లే అన్నట్టు అయింది. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది కాబట్టి జనం అటు పోవడం సహజం. నీళ్ల హీటర్లకు ఒకప్పుడు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. "మిద్దె మీద కరెంటు ప్యానెళ్లు వేస్తున్నాం కదా, గీజర్ పెట్టుకుంటే పోలా?" అని మీలో కొందరు ఇంజినీర్లు అంటున్నారు. నా పొట్ట కొట్టే మాటే అయినా, అందులో న్యాయం లేకపోలేదు. లెక్క చూడండి. వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీలనుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. కిలోవాటు ప్యానెళ్లు మన ఎండకు రోజుకు ఇచ్చేది సుమారు అంతే. వాటికి సుమారు ఐదు చదరపు మీటర్ల ప్యానెల్ కావాలి, మధ్యలో వదిలే సందులు కలిపితే ఇంకా ఎక్కువ. అదే పనిని నీళ్ల హీటర్ రెండు చదరపు మీటర్లలో చేస్తుంది. మిద్దె విశాలంగా ఉండి, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పంపే ఏర్పాటు ఉంటే గీజర్ దారి తప్పు కాదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్లకైతే అదే నయమని నేనూ చెబుతాను. సొంత ఇల్లు, రెండంతస్తులు, నలుగురు మనుషులు అనుకుంటే మాత్రం నీళ్ల హీటర్‌ను మించింది ఇప్పటికీ లేదు.

ఇక ప్యానెళ్లు. మార్కెట్‌లో ఉన్నవి రెండు రకాలు. ఒకటి ఫ్లాట్ ప్లేట్, మన దగ్గర కాపర్ ప్యానెల్ అంటారు. పైన గట్టి గాజు పలక, లోపల నల్ల పూత పూసిన రేకు, దానికి అతికిన అర ఇంచి రాగి గొట్టాలు. రెండోది గాజు ట్యూబులది. రెండు పొరల గాజు గొట్టం, పొరల మధ్య గాలి తీసేసి ఉంటుంది, ఒక కొస నేరుగా వేడినీళ్లు నిలవుండే హీటర్ ట్యాంకులోకి దూరి ఉంటుంది. ట్యూబులది చవక, అందుకే మిద్దెల మీద ఎక్కువగా అదే కనిపిస్తుంది. ఏది మంచిదంటే నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: మీ కొళాయి తిప్పి నీళ్లు చూపించండి.

మన జిల్లా బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? వేసిన ఏడాదికే షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి, బకెట్ అంచున తెల్లటి పెంకు కడుతుంది. తాగే నీళ్లలో గట్టిదనం, అంటే కరిగి ఉండే సున్నం లాంటివి, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. కొన్ని బోర్లు ఆ రెండో గీతను కూడా దాటేస్తాయి. ఆ నీళ్లను వేడి చేస్తే సున్నం విడిపోయి పేరుకుంటుంది, 60 డిగ్రీలు దాటాక మరీ జోరుగా. కాపర్ ప్యానెల్‌లోని అర ఇంచి గొట్టం అలా మూసుకుంటూ వచ్చి, ఒకరోజు నీళ్లు తిరగడమే ఆగిపోతుంది. ప్యానెల్ సలసలా కాగుతూనే ఉంటుంది, ట్యాంకులో నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. ఇంటివాళ్లు కంపెనీని తిడతారు.

గాజు ట్యూబు లావుగా ఉంటుంది కాబట్టి అంత తొందరగా మూసుకోదు. సున్నం పొడిలా అడుగున దిగుతుంది. ఏడాదికోసారి ట్యూబులు పీకి కడిగితే సరిపోతుంది. కానీ దాని బాధలు దానికున్నాయి. ఒక్క ట్యూబు పగిలితే ట్యాంకు నీళ్లన్నీ మిద్దె మీద పారతాయి. మన ఊళ్లలో కోతుల సంగతి తెలిసిందే. పైకి ఎక్కి ఊగడానికి వాటికి ట్యూబుల స్టాండును మించిన ఊయల దొరకదు. మీద ఇనుప మెష్ వేస్తే కొంత కాపాడుకోవచ్చు, కానీ నీడ పడకుండా వెడల్పు కన్నుల మెష్ చూసుకోవాలి. ఇంకో తంటా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఖాళీగా కాగుతున్న ట్యూబుల్లోకి చల్లనీళ్లు వదిలితే గాజు ఫట్‌మంటుంది. నీళ్లు పట్టేది తెల్లవారుజామున, లేదా పొద్దు గూకాక. ట్యూబు అడుగున వెండి రంగు మచ్చ ఉంటుంది చూడండి, అది తెల్లబడితే లోపలి శూన్యం పోయినట్టే. ఇక ఆ ట్యూబు ఎండకు ఉండీ లేనట్టే.

నా తీర్పు ఇది. మునిసిపల్ నీళ్లో, సాఫ్ట్‌నర్‌తో గట్టిదనం తీసిన నీళ్లో వాడే ఇంటికి కాపర్ ప్యానెల్ పెట్టండి, ఏళ్ల తరబడి దాని జోలికి పోనక్కర్లేదు. బోరు నీళ్లే గతి అయితే ట్యూబులది పెట్టండి. డబ్బుకు వెనుకాడనివాళ్లయితే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న కాపర్ ప్యానెల్ తీసుకోవచ్చు. అందులో ప్యానెల్‌లో తిరిగే నీళ్లు వేరు, మనం వాడుకునే నీళ్లు వేరు, అందుకని రాగి గొట్టాలకు సున్నం తగలదు. ట్యాంకు లోపలి స్టీలు ఏ రకమో కూడా అడగండి. ఉప్పు నీళ్లకు 304 రకం స్టీలు వెల్డింగ్ అతుకుల దగ్గర సూది బెజ్జాలు పడి కారుతుంది, 316ఎల్ దానికన్నా తట్టుకుంటుంది. సున్నం తీయడానికి బాత్‌రూమ్ యాసిడ్ పోసే మహానుభావులు కొందరున్నారు. దయచేసి ఆపించండి. అది సున్నంతోపాటు స్టీలునూ తింటుంది.

ఇందులో మీ పాత్ర ఏమిటంటే, చాలా ఇళ్లలో మునిసిపల్ నీళ్లు సంపులోకి పోతాయి, బోరు నీళ్లు నేరుగా పైట్యాంకుకు ఎక్కుతాయి. పైన ఒకే ట్యాంకు కాకుండా రెండు పెట్టి, మంచినీళ్ల ట్యాంకునుంచి హీటర్‌కు ఒక లైను ఇస్తే ఆ హీటర్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకు వంద లీటర్ల వేడినీళ్లు చాలు. ఒక బకెట్ స్నానపు నీళ్లలో అసలు వేడినీళ్లు సగంకన్నా తక్కువే పడతాయి, మిగతావి చన్నీళ్లు కలుపుకుంటాం. ఆ వంద లీటర్లు మంచినీళ్లు కావడానికి కాస్త పైపు, ఒక చిన్న ట్యాంకు, అంతే కదా ఖర్చు?

పైపుల దగ్గరికి వస్తున్నాను. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే.

చన్నీళ్లకు వాడే మామూలు తెల్ల యూపీవీసీ పైపును వేడినీళ్ల లైనుకు వేసిన ఇళ్లు నేను చూశాను, కొత్త ఇళ్లే. 60 డిగ్రీల దగ్గరికి వస్తే అది మెత్తబడి జారుతుంది, అతుకులు ఊడతాయి. గోడలో ఊడితే కింది గది సీలింగ్ తడిసేదాకా ఎవరికీ తెలీదు. పైపు ధరలో మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు టైల్స్ పగలగొట్టడానికి పోతుంది, అదీ మీ జేబులోంచి కాదు.

సీపీవీసీ, అంటే వేడినీళ్ల కోసమే చేసిన పీవీసీ పైపు, అయితే వేడికి పనికొస్తుంది. నిజమే, కానీ దానికీ హద్దు ఉంది. 82 డిగ్రీల దగ్గర దాని బలం చన్నీళ్లలో ఉండే బలంలో నాలుగో వంతుకు పడిపోతుంది. మన ఇళ్లలో నీళ్లు మిద్దె మీదనుంచి దిగేవే కాబట్టి ఒత్తిడి తక్కువ, ఆ నాలుగో వంతు బలం సరిపోతుంది. అసలు ప్రమాదం ఏప్రిల్, మే నెలల్లో. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినప్పుడు, ట్యూబుల హీటర్‌లో నీళ్లు వాడేవాళ్లు లేక మరిగే స్థితికి వస్తాయి. తిరిగొచ్చి కొళాయి తిప్పగానే ఆ నీళ్లు, ఆవిరి మొదట తాకేది ట్యాంకు మూతి దగ్గరి పైపును. అక్కడ సీపీవీసీ వంకర తిరిగిపోవడం మాకు ప్రతి వేసవిలో కనిపించేదే. అందుకే ట్యాంకునుంచి బయటికొచ్చే మొదటి రెండు మూడు మీటర్లూ లోహపు పైపే వేయాలి, ఆ తర్వాత మరలున్న ఇత్తడి అతుకుతో సీపీవీసీకి మారాలి. సీపీవీసీకి దాని జిగురే వాడాలి. యూపీవీసీ డబ్బా దగ్గరుంది కదా అని అదే రాసేస్తే ఆ అతుకు ఎన్నాళ్లో ఉండదు. మిద్దె మీద ఎండలో వదిలేస్తే సీపీవీసీ పెళుసుబారుతుంది, దానికి తొడుగు తప్పదు.

పాతకాలపు జీఐ పైపునే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపునే, నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. చన్నీళ్లకు అది మంచిదే. వేడినీళ్లలో 60 డిగ్రీలు దాటితే జింకు పూత ఇనుమును కాపాడటం మానేసి, కొన్ని నీళ్లలో ఇనుమే ముందు తినబడేట్టు తిరగబడుతుంది. మన గట్టి నీళ్లకు లోపల సున్నం పట్టి, ముప్పావు ఇంచి పైపు కొన్నేళ్లకు పెన్సిలు పట్టేంత రంధ్రంగా మిగులుతుంది. ఇంకో జాగ్రత్త: రాగి దాటి వచ్చిన నీళ్లు జీఐలోకి పోనివ్వకండి. నీళ్లలో కలిసి వచ్చిన ఆ కాస్త రాగే జీఐకి గుంటలు పెడుతుంది. ట్యాంకు దగ్గర ఆ మొదటి రెండు మూడు మీటర్ల లోహపు పైపు స్టీలుదైతే ఈ గొడవే ఉండదు.

పీపీఆర్ ఆకుపచ్చ పైపు వేడి తట్టుకోవడంలో మంచిది. వేడి చేసి అతికించేది కాబట్టి జిగురు బెడద లేదు. చేతకానివాడు అతికిస్తే మాత్రం లోపల కరిగిన ప్లాస్టిక్ వలయంలా అడ్డం పడి దారి సగం అవుతుంది. పైగా అది బాగా సాగుతుంది. పది మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే పీపీఆర్ సుమారు ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంది, సీపీవీసీ రెండున్నర. ఆ సాగుకు చోటు ఇవ్వకుండా నేరుగా బిగించేస్తే పైపు పాములా వంగి క్లాంపులు పీకుతుంది. మధ్యలో ఒక లూపు తిప్పడం ఇంజినీర్లకు చెప్పాల్సిన సంగతా?

రకం కంటే ఎక్కువగా మీరు పట్టించుకోనిది సైజు. "వేడినీళ్లు రావడానికి బకెట్ నిండేదాకా ఆగాలి" అనే ఫిర్యాదు రాని ఇల్లు లేదు. అది హీటర్ తప్పు కాదు. మిద్దె మీద ఆ చివర హీటర్, కింద ఈ చివర బాత్‌రూమ్, మధ్యలో 25 మీటర్ల పైపు అనుకోండి. ఇంచి సీపీవీసీ పైపయితే అందులోనే పది లీటర్లకు పైగా చల్లారిన నీళ్లు నిలిచి ఉంటాయి. ముప్పావు ఇంచి అయితే ఆరున్నర, అర ఇంచి అయితే సుమారు మూడు. అవన్నీ పారబోస్తేగానీ వేడినీళ్లు రావు. స్నానమయ్యాక అన్నే వేడినీళ్లు పైపులో మిగిలి చల్లారిపోతాయి. పొద్దున నలుగురు గంట తేడాతో స్నానాలు చేస్తే నాలుగుసార్లూ ఇదే తంతు. పైపు లావుగా ఉంటే మేలు అనే మన అలవాటు చన్నీళ్లకు సరి, వేడినీళ్లకు కాదు. అయితే మిద్దె కిందే ఉన్న పై అంతస్తుకు ఒత్తిడి బాగా తక్కువ, అక్కడ ముప్పావు తగ్గకూడదు. కింది అంతస్తులకు ఒత్తిడి ఉంటుంది, అక్కడ బాత్‌రూమ్ కొమ్మను అర ఇంచిగా తగ్గించవచ్చు. ఒకే సైజు పైపు కట్టలు తెచ్చి ఇల్లంతా వేయడం మీకు సులువు, తెలుసు.

దీనికన్నా తేలికైన మందు ఇంకోటి ఉంది. బాత్‌రూమ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు ప్లాన్ గీసి, వాటికి నెత్తినే హీటర్‌కు చోటు వదలండి. మెట్ల పైన కట్టే హెడ్ రూమ్ నీడ, పక్కింటి అంతస్తు నీడ, లిఫ్టు గది నీడ పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం మూడు దాకా పడని చోటు చూడాలి. ముఖం దక్షిణానికి. వంపు మన అక్షాంశానికి, అంటే 15 డిగ్రీలకు, మరో పది కలిపితే చలికాలపు ఎండ బాగా పడుతుంది. వేడినీళ్లు కావాల్సింది అప్పుడే కదా.

పైట్యాంకు ఎత్తు చాలామంది మరిచేది. హీటర్ ట్యాంకు పైభాగం కన్నా చన్నీళ్ల ట్యాంకు అడుగుభాగం కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. లేకపోతే హీటర్ పూర్తిగా నిండదు. మేము తర్వాత వచ్చి ట్యాంకు లేపలేం, అందుకే దానికి దిమ్మెలు మీరే కట్టించాలి. హీటర్‌కు ఎయిర్ వెంట్ పైపు ఉంటుంది, అది చన్నీళ్ల ట్యాంకు మూతకన్నా పైకి లేవాలి. అడ్డంగా ఉందని దాన్ని కోసి మూత బిగించిన ఇళ్లున్నాయి. ఆవిరికి దారి లేకపోతే ట్యాంకు ఉబ్బుతుంది, నీళ్లు ఒక్కసారిగా దిగినప్పుడు గాలి లోపలికి రాకపోతే ముడుచుకుపోతుంది. చన్నీళ్ల లైనులో ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు, పెట్టకపోతే రాత్రిపూట వేడినీళ్లు వెనక్కి పైట్యాంకులోకి ఎక్కుతాయి.

ఇప్పుడు కొత్తగా ప్రెజర్ పంపుల ఫ్యాషన్ వచ్చింది. చన్నీళ్ల లైనుకు మాత్రం పంపు పెట్టి, వేడినీళ్లు మిద్దె బలంతో దిగేట్టు వదిలేస్తారు. అప్పుడు మిక్సర్ లోపల చన్నీళ్లు వేడినీళ్ల లైనులోకి ఎదురెక్కి, మిద్దె దాకా పోయి, వెంట్ పైపులోంచి పొంగిపోతాయి. ఇంట్లో ఎవరికీ వేడినీళ్లు రావు, మిద్దె మాత్రం తడుస్తుంది. పంపు పెట్టాలనుకుంటే రెండు లైన్లకూ సమంగా, హీటర్ దాటాక పెట్టాలి, లేదా ఒత్తిడి తట్టుకునే రకం హీటరే కొనాలి. మామూలు హీటర్ ట్యాంకు మీద పంపు ఒత్తిడి పెట్టొద్దు, అది అందుకు చేసింది కాదు.

పైపు తొడుగు గురించి ఒక్క మాట. మిద్దె మీద తెల్ల ఫోమ్ చుట్టి వదిలేస్తే రెండు మూడు వేసవులకు పిండిలా రాలిపోతుంది. నల్ల నైట్రైల్ రబ్బరు చుట్టి, పైన అల్యూమినియం రేకు వేయించండి. గోడలోపల పోయే పైపుకు కూడా పల్చటి తొడుగు వేయాలంటే గాడి ఇంకో అర ఇంచి లోతు తీయాలి. ప్లాస్టరింగ్ ముందు చెబితే అది పని, తర్వాత చెబితే కూల్చివేత.

పక్కనే ఉన్న బెంగళూరులో ఒక సైజు దాటిన కొత్త ఇళ్లకు సోలార్ హీటర్ తప్పనిసరి చేసి ఏళ్లయింది. అక్కడి బిల్డర్లకు ఇవన్నీ అలవాటైపోయాయి. మన అనంతపురం కుర్రాళ్లు ఎందరో అక్కడి సైట్లలో ప్లంబింగ్ చేసి వస్తున్నారు, వాళ్లను అడిగినా చెబుతారు. ఎవరో బలవంతపెట్టేదాకా మనం ఆగడం దేనికి?

నేను అడిగేవి పెద్దవేం కావు. ఇల్లు హీటర్‌తో అమ్మినా, లేకుండా అమ్మినా, మిద్దెనుంచి ప్రతి బాత్‌రూమ్‌కూ, వంటగదికీ వేడినీళ్ల లైను వేసి, పైన మూత బిగించి వదలండి. హీటర్‌కు వేరే చన్నీళ్ల లైను ఇవ్వండి. ట్యాంకు దిమ్మెలు ఎత్తు పెంచండి. గాడిలో పైపులు పడ్డాక, ప్లాస్టరింగ్‌కు ముందు, ప్రతి గోడకూ కొలత టేపు పట్టి ఒక ఫోటో తీయండి. ఇల్లు అప్పగించేటప్పుడు ఆ ఫోటోలు, పైపు రకం, సైజులు రాసిన ఒక కాగితం ఇంటాయన చేతికి ఇవ్వండి. ప్లాన్ గీసే దశలో ఏ అనుమానం వచ్చినా ఏ హీటర్ మెకానిక్‌ను పిలిచినా వచ్చి చూసి చెబుతాడు, దానికి మేమెవరం డబ్బు అడగం. మీ సంఘం మీటింగుకు పిలిస్తే సున్నం పట్టిన జీఐ ముక్కలు, వంకరపోయిన సీపీవీసీ ముక్కలు తెచ్చి బల్ల మీద పెడతాను. మా షెడ్డులో సంచుల నిండా ఉన్నాయి.

ఇట్లు,
అనంతపురం సోలార్ హీటర్ మెకానిక్ ఒకడు